తోక కిందికి, తల పైకి

సోమవారం
నొప్పి: లేదు

ఈ పుస్తకం కోడలు ఇచ్చింది. ఆసుపత్రిలో నర్సు కదా, ఇంటికొచ్చినా డ్యూటీ దిగదు. "మావయ్యా, నొప్పి పదికి ఎన్ని మార్కులుందో రోజూ ఇందులో రాయండి" అంది. మార్కుల బాధ పడలేకే ఐదో క్లాసులో బడి ఎగ్గొట్టి వెల్డింగు షాపులో చేరినవాణ్ణి నేను. ఈ వయసులో మళ్ళీ నాకు మార్కులా? పుస్తకం బకెట్లో పడి నానిపోయిందని చెప్పి దిండు గలేబులో దాచేశాను. ఇక ఇది నాది. నాకు తోచింది రాసుకుంటాను. నొప్పి సంగతి మాత్రం పైన రాస్తా. అబద్ధమాడినందుకు ఆ మాత్రమైనా చెయ్యాలి.

చేతికర్ర పట్టుకుని పెరట్లోకి వెళ్ళొచ్చాను. నా రేడియో స్తంభం ఉన్న చోట నేల మీద అరచెయ్యంత ఇనప గుండ్రం మిగిలింది. స్తంభం మీద వైరు సరిచేస్తూ నిచ్చెన మీంచి పడి, తుంటి విరిగి, నేను ఆసుపత్రిలో పడుకునుంటే మా అబ్బాయి దాన్ని అడ్డంగా కోసేశాడు. అదీ నా కటింగ్ మిషన్‌తోనే. కోత మాత్రం బాగా వచ్చింది, ఎక్కడా వంకర లేదు. మందుల షాపులో మాత్రల అట్టలు కత్తిరించే చెయ్యి కదా.

కోపం లేదు. అది ఎలాగూ తుప్పు పట్టిందే.

మంగళవారం
నొప్పి: లేదు

రేడియో నా గదిలో కిటికీ పక్కనే ఉంది. మా ముసలిది దాని మీద తెల్లగుడ్డ కప్పింది.

"శవానికి కప్పినట్టు కప్పావేంటే?"

"దుమ్ము పడుతుందని కప్పాను. మీకూ కప్పనా?"

నలభై ఏళ్ళు మిషన్ మీద కూర్చుని ఊరందరి చొక్కాలూ కుట్టింది. నోరు కూడా ఆ సూది లాగే తయారైంది.

పైన ఏంటెనా లేకపోతే రేడియోకి చెవీ లేదు, నోరూ లేదు. కిటికీలోంచి బట్టలారేసే తీగకి ఒక వైరు తగిలించి పొద్దున్నే విన్నాను. మా పొద్దుటి గుంపు కూడే వేళ అది. గుంపంటే ఊరూరా ఇంట్లోనే రేడియో పెట్టుకుని మాట్లాడుకునే నా లాంటి పనిలేని వాళ్ళం. చుట్టుపక్కల మోటార్ల గోల తప్ప ఏమీ రాలేదు. మధ్యలో ఒక్కసారి "బావా" అని వినపడినట్టయింది. అనిపించిందంతే.

రేవు బావ నా కోసం ఎదురుచూస్తూ ఏమీ ఉండడు. గుంపులో బోలెడంతమంది ఉన్నారు వాడికి.

వాడు ఎక్కడో సముద్రం ఒడ్డున ఉంటాడు. రేవులో క్రేను నడిపి రిటైరయ్యాడు. ఒకరి మొహం ఒకరం చూడలేదు. ఇన్నేళ్ళూ గాల్లోనే బావా బావా అంటూ తిట్టుకున్నాం. ఫోన్ నంబరు నేనడగలేదు, వాడూ అడగలేదు. ఫోన్లో తిట్టుకునేదానికి రేడియో లైసెన్సు పరీక్ష అన్నిసార్లు తప్పడం ఎందుకు? ఈ మధ్య వాడికి చూపు పోయింది. "ఇప్పుడు నాకు కళ్ళైనా చెవులైనా ఈ రేడియోనే బావా" అన్నాడు. అయినా గుంపు ఉందిగా.

గురువారం
నొప్పి: లేదు

కోడలు కాలి వ్యాయామం చేయించింది. "ఎత్తండి మావయ్యా... దించండి... మళ్ళీ ఎత్తండి." నన్ను చూస్తే నాకే రైల్వే గేటు గుర్తొచ్చింది. కూత వినగానే లేస్తుంది, రైలు పోగానే వాలుతుంది... కాదు కాదు, తిరగేసి రాశాను. ఏదైతేనేం.

రాస్తూ రాస్తూ ఆగిపోయాను.

గేటు వాలుతుంది. గేటు లేస్తుంది. ఇరుసుకి అవతలి వైపు ఒక బరువు ఉంటుంది, దాంతో ఒక్కడే పిడి తిప్పి అంత గేటునీ లేపేస్తాడు. స్తంభం ఎక్కడం దేనికి? స్తంభాన్నే నా దగ్గరికి దింపుకుంటే? నడుమెత్తున రెండు గుంజలు. వాటి మధ్య ఇరుసు. ఇరుసు మీద స్తంభం. ఇరుసు కిందికి మిగిలేది తోక. తోకకి బరువు. తోకని కిందికి లాగితే తల పైకి లేస్తుంది. తోకని వదిలితే తల నేలకొస్తుంది. కుర్చీలో కూర్చుని వైరు మార్చుకోవచ్చు.

జీవితమంతా గేట్లు చేశాను. ఇదీ గేటే. కాకపోతే నిలువు గేటు.

కోడలు "ఏంటి మావయ్యా నవ్వుతున్నారు, నొప్పి లేదా?" అంది. లేదన్నాను. ఆ మాట నిజం, ఆ నిమిషానికి.

గురువారం, రాత్రి భోజనం అయ్యాక

అబ్బాయికి చెప్పాను. వాడు చెయ్యి కడుక్కుంటూ కడుక్కుంటూ ఆగిపోయాడు.

"నాన్నా, నువ్వు కింద పడున్నప్పుడు చూసింది నేను. నువ్వు చూసుకోలేదు."

"పడ్డవాణ్ణి నేనే కదరా, నాకు తెలీదూ?"

"స్పృహ లేదు నీకు."

ముసలిది గిన్నెలు సర్దుతూ వెనక్కి తిరగలేదు.

చాలాసేపు బేరం నడిచింది. చివరికి వాడు పెట్టిన షరతు ఇది: రెండో ఆదివారం, వాడు చూస్తుండగా, నేను కుర్చీలోంచి లేవకుండా, ఎవరూ చెయ్యి వెయ్యకుండా స్తంభాన్ని లేపాలి, మళ్ళీ దించాలి. మధ్యలో ఆగిందంటే రేడియో అటక మీదికి. అటక ఎక్కాలంటే నిచ్చెన కావాలి. నిచ్చెన నాకు నిషేధం. అంటే ఇక రేడియో లేనట్టే. మందుల షాపువాడు కదా, మోతాదు సరిగ్గా లెక్కేసి ఇచ్చాడు.

సరే అన్నాను.

శనివారం
నొప్పి: లేదు

గుంటలు తవ్వింది అబ్బాయే. "నువ్వు తవ్వితే రెండో తుంటి కూడా పోతుంది" అని పార లాక్కున్నాడు. ఓడిపోవాలని కోరుకునేవాడు అంత లోతు తవ్వడు. ఆ మాట వాడితో అనలేదు. "లోతు చాలదురా, ఇందులో పిల్లి కూడా మునగదు" అన్నాను. ఇంకో మూరెడు తవ్వాడు.

గుంజలు నిలబెట్టి కాంక్రీటు పోశాం. అబ్బాయి కోసి పడేసిన పాత స్తంభాన్నే తుప్పు గీకి, కుర్చీలో కూర్చుని వెల్డింగు మొదలెట్టాను. ముసలిది ఒక పాత దుప్పటి తడిపి నా కాళ్ళ మీద వేసింది, నిప్పురవ్వలు పడకుండా.

"వద్దన్నా వినరు."

"వద్దని నువ్వెప్పుడన్నావు?"

"అన్నట్టే ఉంది కదా నా మొహం!"

పక్కింటి రిటైరైన డ్రిల్లు టీచరమ్మ గోడ మీంచి తల పెట్టింది. మెడలో విజిల్ ఇంకా తియ్యలేదు. నేను విజిలమ్మ అంటాను.

"అన్నయ్యగారూ, అది నా ఇంటి మీద పడదు కదా?"

"పడదమ్మా. మీ ఇంటి వైపు పడాలన్నా మీ విజిల్‌కి భయపడి అటు రాదు."

విజిల్ గట్టిగా ఊది వెళ్ళిపోయింది.

సోమవారం

తోకకి బరువు చాలడం లేదు. ఇనప ముక్కలన్నీ కట్టాను, ఇసక మూట కట్టాను. స్తంభం నేల మీంచి లేవనంటుంది. మూట చినిగి ఇసకంతా నా చెప్పుల్లో.

బరువైన ఇనుము కావాలి. గుండ్రంగా, కుదురుగా, బోల్టులు పట్టేలా.

పాతసామాను గదిలో ఒకటి కనబడింది. ఎవరూ వాడడం లేదు దాన్ని.

మంగళవారం

"నా కాళ్ళ మిషన్ స్టాండు ఏది?" అంది ముసలిది.

కరెంటు మోటారు మిషన్ కొన్నాక అది ఆ గదిలోనే పడుంది కదా. పాదం తొక్కే పలకా, పెద్ద చక్రం, పోత ఇనప కాళ్ళు. తోకకి బోల్టు వేస్తే ఎంత చక్కగా అతికిందో!

"ఏదండీ?"

వేలితో చూపించాను.

దగ్గరికి వెళ్ళి చూసింది. ఒక చుట్టు తిరిగింది. నా గుండె వెల్డింగు రాడ్డులా చిటపటలాడింది. చివరికి చక్రం మీద చెయ్యి వేసింది.

"ఈ చక్రం మీద మీ అబ్బాయి చదువు కుట్టాను. దీన్ని తీసుకెళ్ళి స్తంభం తోకకి వేలాడదీశారా?"

"నిలబడాల్సిందేదో దాని బలం మీదే నిలబడుతుందని..."

"కబుర్లు చెప్పకండి. బోల్టు వంకరగా ఉంది. సరిగా బిగించండి. పడి విరిగిందంటే ఊరుకోను."

బిగించాను. సాయంత్రం వచ్చి చక్రానికి నూనె రాసి పోయింది. తిరగని చక్రానికి నూనె ఎందుకని అడగలేదు.

తూకం కుదిరింది. ఒక వేలితో తల ఎత్తగలుగుతున్నాను.

గురువారం
నొప్పి: కొంచెం, వాన వల్ల

వాన. పని లేదు. పొద్దున్నే తీగ మీది వైరుతో మళ్ళీ విన్నాను. మోటార్ల గోల.

వాడు ఎదురుచూడడు.

శుక్రవారం

పిడి తిప్పితే ఇనప తాడు చుట్టుకునే వించి ఒకటి పాతసామాను కొట్లో దొరికింది. పళ్ళు అరిగాయి, ఒక్కొక్కటీ వెల్డింగు పోసి అరగదీశాను. నాకున్న పళ్ళ కంటే దానికిప్పుడు ఎక్కువున్నాయి. గుంజల కింద దాన్ని బిగించి, తాడు తోకకి కట్టాను. కుర్చీ దాని ముందు.

ఇక మిగిలింది పక్క తాళ్ళు. గాలికి స్తంభం అటూ ఇటూ ఒరగకుండా ఎడమకొకటి, కుడికొకటి. ఇవి మాత్రం లేచేటప్పుడూ దిగేటప్పుడూ కూడా కట్టే ఉండాలి. స్తంభాన్ని పడుకోబెట్టి, పై కొసన తాళ్ళు కట్టి, రెండు పక్కలా నేలలో మేకులు దిగ్గొట్టి బిగించాను. మీటితే వీణలా మోగాయి.

మూల నుంచి మూలకి కొలిచాను. రెండు వైపులా ఒక్కటే కొలత. వేలెడు తేడా లేదు. గేట్లు చేసిన చెయ్యి!

ఆదివారం

రాయాలని లేదు.

ఆదివారం, సాయంత్రం

రాస్తాను.

అందరూ వచ్చారు. అబ్బాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కోడలు కట్టుగుడ్డల పెట్టె పక్కన పెట్టుకుని కూర్చుంది. విజిలమ్మ గోడవతల స్టూలెక్కింది. నేను కుర్చీలో రాజులా కూర్చుని, "జాగ్రత్త, టోపీలు పట్టుకోండి" అన్నాను. ఎవరికీ టోపీలు లేవు.

పిడి తిప్పాను. తల లేచింది. వెన్నలా లేస్తోంది. విజిలమ్మ చప్పట్లు కొట్టింది. కోడలు "మావయ్యా!" అంది. నా మొహం ఎలా ఉందో నాకు తెలీదు, అబ్బాయి మొహంలో మాత్రం నవ్వు మొదలైంది.

సగం దాకా లేచి ఆగిపోయింది.

పక్క తాళ్ళు కొరడాల్లా బిగుసుకున్నాయి. ఇంకొంచెం తిప్పాను. స్తంభం విల్లులా వంగింది. మేకు ఒకటి నేలలోంచి మూలుగుతూ పైకి రాబోయింది. విజిల్ మోగింది. అబ్బాయి ఒక్క గంతులో వచ్చి నా చెయ్యి పిడి మీద పట్టుకున్నాడు.

"చాలు నాన్నా."



మెల్లగా దించాం. వాడు లోపలికెళ్ళి రేడియో మీది గుడ్డ తీసి, మడిచి, వైర్లు ఊడదీయడం మొదలెట్టాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. "ఆ నల్లవైరు ముందు తియ్యి, లేకపోతే తెగుతుంది" అన్నాను. షరతు షరతే.

అప్పుడొచ్చింది ముసలిది.

"ఏం చేస్తున్నావురా?"

"అమ్మా, ఆగిపోయింది కదా. మాట ప్రకారం..."

"ఒక్క ట్రయల్‌కే చొక్కా కుదిరేటట్టయితే ఇంక దర్జీలెందుకు? వేసి చూసి, ఎక్కడ పట్టిందో చూసి, విప్పి మళ్ళీ కుడతాం. ఇవాళ్టిది ట్రయల్. వచ్చే ఆదివారం అసలుది."

"అమ్మా, నీకు భయం లేదా?"

"ఉంది. రోజూ పొద్దున ఆ కిటికీ దగ్గర కూర్చుని గోడకేసి చూస్తున్న మనిషిని చూస్తే ఇంకా భయం."

నేను గోడకేసి చూడడం లేదు. కిటికీలోంచి చూస్తున్నాను. అది వేరు.

వాడు నల్లవైరు మళ్ళీ తగిలించాడు.

సోమవారం
నొప్పి: మొన్నటి కంటే ఎక్కువ

తాళ్ళు వదులు చేస్తే సరిపోతుంది కదా అని గజం పైన వదిలాను. లేచి నిలబడ్డాక సరిగ్గా బిగుస్తాయి. కానీ లేచేటప్పుడు పట్టు లేదు. సగంలో తల విజిలమ్మ ఇంటి వైపు వాలబోయింది. పడకుండా దించేసరికి చెమటలు పట్టాయి. ఆవిడ ఇంట్లో లేకపోవడం నా అదృష్టం.

బిగిస్తే ఆగిపోతుంది. వదిలితే ఒరిగిపోతుంది. పడుకున్నప్పుడు ఒక పొడుగు, నిలబడ్డప్పుడు ఒక పొడుగు. మేకులు మారలేదు, స్తంభం పెరగలేదు. ఎందుకు?

గేటుకి తాళ్ళు కట్టి ఎరగను. గేటుకి ఎవరు కడతారు?

మంగళవారం

అదే.

బుధవారం

అదే. అన్నం సయించలేదు. మేకులు ముందుకి జరిపి చూశాను, వెనక్కి జరిపి చూశాను. ఒక చోట ఇంకా ఘోరం.

గురువారం

ముసలిది పెరట్లో కూర్చుని విజిలమ్మ రవికెకో చొక్కాకో కొలతలు సరిచేస్తోంది. ఆవిడ చెయ్యెత్తితే చొక్కా నడుం దగ్గర నుంచి పైకి లాక్కుపోతోందట, విజిల్ ఊదడానికి చెయ్యెత్తినప్పుడల్లా.

"చెయ్యెత్తండి" అంది ముసలిది. ఆవిడ ఎత్తింది. చొక్కా అంచు జానెడు లేచింది.

"దించండి. ఎత్తండి."

నేను అక్కడే స్తంభం పక్కన కూర్చుని తాడు విప్పుతున్నాను.

"చంక మరీ కిందికి కత్తిరించారు దీన్ని," అంది ముసలిది నోట్లో సూదులు పెట్టుకునే. "చెయ్యి తిరిగేది భుజం దగ్గర. గుడ్డ పట్టుకున్నదేమో కింద నడుం దగ్గర. చెయ్యి లేచిన కొద్దీ అక్కణ్ణుంచి దూరం పెరిగిపోతుంది, గుడ్డ చాలదు. చంక పైకి, కీలు దాకా కత్తిరిస్తే చెయ్యి ఎటు తిప్పినా లాగదు."

తాడు నా చేతిలోంచి జారిపోయింది.

"ఏమన్నావు?"

"మీతో కాదు."

"నాతోనే అన్నావు. మళ్ళీ అను."

అంది. విజిలమ్మ చెయ్యెత్తే ఉంచింది, దించమని ఎవరూ చెప్పలేదు పాపం.

స్తంభం తిరిగేది ఇరుసు దగ్గర, నడుమెత్తున. తాళ్ళు పట్టుకున్నది నేల మీద. కీలు ఒక చోట, పట్టు ఒక చోట! తల లేచిన కొద్దీ నేల మీది మేకుకి దూరం పెరుగుతుంది, తాడు చాలదు. ఇరుసునే రెండు పక్కలా పొడుగ్గా సాగదీశామనుకో. ఆ గీత మీద, ఆ ఎత్తులోనే తాడు కడితే, పడుకున్నా నిలబడ్డా దూరం ఒక్కటే. అంగుళం మారదు.

"ముసలీ," అన్నాను, "నీ నోట్లో సూదులు లేకపోతే ముద్దు పెట్టేవాణ్ణి."

"సూదులు తియ్యను" అంది.

విజిలమ్మ నవ్వి నవ్వి పడబోయింది.

శనివారం

మేకులు పీకేశాను. వాటి చోట రెండు పొడుగు గుంజలు, సరిగ్గా ఇరుసంత ఎత్తు. అబ్బాయి మళ్ళీ గుంటలు తవ్వాడు. గుంజలు లోపలికి వాలకుండా వెనక నుంచి ఊతలు వెల్డింగు చేశాను. గుంజ నుంచి గుంజ దాకా ఇరుసు మీదుగా దారం కట్టి, నీళ్ళ గొట్టం పెట్టి మట్టం చూశాను. దర్జీ గారు వచ్చి ఒక కన్ను మూసి చూసి, "కుడి పక్క రవ్వంత దిగింది" అంది. కొలిచాను. రవ్వంత దిగింది.

ముందుగా ప్రయత్నించి చూడలేదు. షరతు ఆదివారమే. ట్రయల్ ఒకటి అయిపోయింది.

నిజం రాస్తే, ధైర్యం చాలలేదు.

ఆదివారం

లేచింది!!

మొదట్నుంచీ రాయాలి. పొద్దున్న గాలి లేదు. అబ్బాయి షాపు తెరవలేదు. కోడలు కట్టుగుడ్డల పెట్టె తేలేదు, అది నేను గమనించాను. విజిలమ్మ కొత్తగా సరిచేసిన చొక్కా వేసుకుని, చెయ్యెత్తి, "రెడీ!" అని విజిల్ ఊదింది. చొక్కా లాగలేదు.

తిప్పాను. తోక దిగుతోంది. కుట్టుమిషన్ చక్రం నెమ్మదిగా నేల వైపు వస్తోంది. తల లేస్తోంది. మోకాలెత్తు, మనిషెత్తు, గోడెత్తు. పక్క తాళ్ళ వైపు ఒక కన్ను వేసి ఉంచాను. బిగియలేదు, వదులవలేదు. సగం వచ్చింది. పోయిన వారం ఆగిన చోటు. అబ్బాయి ఒక అడుగు ముందుకేశాడు. నేను చెయ్యి ఆపలేదు.

దాటింది!

దాటాక నాకు పిడి తిప్పుతున్నట్టే లేదు, అదే తిరుగుతున్నట్టుంది. నిట్టనిలువుగా నిలబడింది. టక్ మని తోక వచ్చి గుంజలకి ఆనింది. చీల దూర్చాను. ఇంటి కప్పు కంటే, పక్కింటి ట్యాంకు కంటే ఎత్తున, ఏంటెనా తీగలు రెండు రెక్కల్లా.

అందరూ ఒకేసారి అరిచారు.

"దించడం ఉంది ఇంకా" అన్నాను నేను, పెద్దమనిషి తరహాగా. చీల తీశాను. దించాను. పసిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకుంది.

అబ్బాయి నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు, నేల మీదే.

"నాన్నా, నేనొకసారి?"

కుర్చీ ఇచ్చాను. వాడు లేపాడు. దించాడు. మళ్ళీ లేపాడు. చిన్నప్పుడు నా షాపులో కొత్త గేటు పట్టుకుని ఊగినట్టే ఉంది. "చాల్లేరా, పళ్ళు అరుగుతాయి" అన్నాను. వినలేదు. చివరికి వాళ్ళమ్మ వచ్చి "నా మిషన్‌కి కళ్ళు తిరుగుతాయి, ఆపు" అంటే ఆపాడు.

రేడియో వైర్లన్నీ వాడే తగిలించాడు. నల్లవైరు ముందు.

సోమవారం

పొద్దున్నే అందరూ నా గదిలో. కోడలు డ్యూటీకి బట్టలు వేసుకుని నిలబడే ఉంది. గుంపు ఇంకా కూడలేదు. ఒక్క గొంతు వస్తోంది. ముసలి గొంతు, బొంగురుగా. నా స్టేషన్ పేరు పిలుస్తోంది. ఆగుతోంది. మళ్ళీ పిలుస్తోంది. తర్వాత "సరే, లేడు" అని తనలో తనే అనుకుంటోంది.

మైకు నొక్కాను. నా పేరు చెప్పాను.

అవతల పేలింది.

"ఎవడ్రా నువ్వు? పోయినవాడి పేరు వాడతావా? సిగ్గులేదూ?"

"పోయింది ఎవడు?"

"వాడే. మా బావ. స్తంభం మీంచి పడి పోయాడని తెలిసింది. నువ్వెవడివో పేరు మార్చుకుని మాట్లాడు."

"ఒరేయ్ బావా, నేను పోతే నీకు చెప్పకుండా పోతానా? నిన్ను తీసుకుపోవడానికి వచ్చేవాణ్ణి కదరా ముందు!"

ఏమీ రాలేదు. రేడియో చెడిపోయిందేమో అని అబ్బాయి డబ్బా మీద తట్టాడు. అప్పుడు వినపడింది, ముక్కు చీదుకోవడం. రేడియోలో ముక్కు చీదుకోకూడదని రూల్సులో లేదు కానీ, ఉండాలి.

ఈలోగా గుంపు కూడింది. ఒకడి తర్వాత ఒకడు మీద పడ్డారు. నేను పోయానని వీళ్ళు నిజంగానే నమ్మారు! సంతాపం కూడా జరిపారట. ఒక్కొక్కడూ నా గురించి ఎంత గొప్పగా చెప్పాడో. రెండు నిమిషాలు మౌనం కూడా పాటించారట.

"రేడియోలో మౌనమేంట్రా?" అన్నాను. "ఎవడు పాటించాడో, ఎవడు లేచి టిఫినుకి పోయాడో ఎలా తెలుస్తుంది?"

అందరూ తిట్టారు. పొగిడిన మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నామన్నారు. ఒక్కటీ వెనక్కివ్వనన్నాను.

గుంపులో ఒకాయన చెప్పాడు: "మేమందరం వదిలేశాం కానీ, ఈయన మాత్రం రోజూ గుంపు మొదలవక ముందే వచ్చి మీ పేరు పిలిచేవాడండీ. ఎందుకండీ అంటే పలికేవాడు కాదు."

"ఎందుకు పిలిచావు బావా, పోయాననుకున్నాక?"

"పోయినా నువ్వు నోరు మూసుకుని ఉంటావని నమ్మకం లేక."

మైకు బటన్ కాసేపు పట్టేసింది. నొక్కినా మాట రాలేదు. దానికి నూనె వెయ్యాలి.

తర్వాత గేటు స్తంభం కథంతా చెప్పాను. ఇరుసూ, తోకా, మిషన్ చక్రం, చంక కత్తిరింపు. వాడు క్రేను నడిపినవాడు కదా, ఒక్కొక్కటీ ఆపి ఆపి అడిగాడు. చివరికి, "నువ్వు చెప్తున్నావు కానీ బావా, నాకు కనపడదు కదా, ఎలా నమ్మను? మా చెల్లెలు ఆ చంక సంగతి చెప్పిందంటే నమ్ముతా. నువ్వు కట్టావంటే మాత్రం నమ్మను" అన్నాడు.

నేను అబ్బాయి వైపు చూశాను. వాడికి అర్థమై, అప్పటికే పెరట్లోకి పరిగెత్తాడు. ముసలిది కిటికీలో నిలబడి వాడికి చెయ్యి ఊపింది.

"విను బావా," అన్నాను, "నేను ఆగకుండా మాట్లాడుతూనే ఉంటా. నువ్వు వింటూ ఉండు."

మాట్లాడుతూ ఉన్నాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు. కిటికీ బయట స్తంభం మెల్లగా వాలుతోంది. ఏంటెనా నేలకి దగ్గరవుతున్న కొద్దీ నా మాట అక్కడ సన్నబడుతుందని నాకు తెలుసు. పూర్తిగా పడుకుంది. నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఎవరికీ వినపడకుండా. ముసలిది మళ్ళీ చెయ్యి ఊపింది. అబ్బాయి లేపడం మొదలెట్టాడు. మోకాలెత్తు. గోడెత్తు. నిలువు.

బటన్ వదిలాను.

"దిగావు!" అరుస్తున్నాడు వాడు. "దిగావు బావా, దిగావు, గొంతు సన్నబడింది, ఇంకా సన్నబడింది, మునిగిపోయావు... మళ్ళీ పైకి! తల ఎత్తావు! వచ్చావు, వచ్చావు, నిలబడ్డావు! చూశాను బావా! మొత్తం చూశాను!"

పెరట్లోంచి అబ్బాయి, "ఏమన్నాడు నాన్నా?" అని కేకేశాడు.

రేడియోలోంచి బావే జవాబు చెప్పినట్టు అరిచాడు, అంత దూరం నుంచి, గొంతు చించుకుని:

"ఇంకోసారి దించమను బావా!"